కత్తెర పక్కన పెట్టి

కొత్తగా వ్యాపారం పెట్టాలని ఉబలాటపడేవాళ్లు ఇప్పటికీ కటింగ్ కొట్టు నడిపే రేడియో దగ్గరికి వస్తుంటారు. కొట్టు ఎక్కడ పెడితే బాగుంటుంది, బోర్డు ఎంత పెద్దది రాయించాలి అని అడుగుతారు. ఆయన వాళ్లను బల్ల మీద కూర్చోబెట్టి, "అవన్నీ తర్వాత. ముందు నీకు రాని భాష ఒకటి నేర్చుకో," అంటాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. జుట్టు కత్తిరించేవాణ్ణి వ్యాపారం గురించి అడగడమే మన బుద్ధి తక్కువ అనుకుని కొందరు లేచి వెళ్లిపోతారు. అలాంటివాళ్ల మీద నాకేమీ జాలి లేదు. మిగిలినవాళ్లకు ఆయన చెప్పుకొచ్చే కథే ఇది. ఆయన నోట వింటే సగంలో దారి తప్పి ఇంకెక్కడికో వెళుతుంది కనుక నేనే చెబుతాను.

రేడియో అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున షట్టరు ఎత్తడంతో మొదలైన మాట సాయంత్రం షట్టరు దించేదాకా ఆగేది కాదు. బస్టాండు పక్కన పాత యజమాని కొట్టులో రెండో కుర్చీ ఆయనది. ఎవరి ఇంట్లో ఏం గొడవ, ఏ ఆఫీసులో ఎవరికి బదిలీ, ఎండలు ఎందుకు ముదిరాయి, అన్నీ ఆ కుర్చీ వెనక నుంచి ప్రసారమయ్యేవి. మొదటి కుర్చీ ఖాళీగా ఉన్నా జనం రేడియో కోసం కూర్చునేవారు. "నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నువ్వెక్కడ కొట్టు పెట్టినా జనం ఎగబడతారురా," అని యజమాని ఒకసారి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు రేడియో బుర్రలో దూరి అక్కడే కాపురం పెట్టింది.

చివరికి ఒకరోజు సొంత కొట్టు పెట్టనే పెట్టాడు. బస్టాండు దగ్గర గది దొరకలేదు. ఊరికి అటు కొసన, పెద్ద బేకరీ ఎదురుగా, ఒక మేడ కింద గది దొరికింది. మేడ మీద ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, మాట ఖచ్చితం.

"ఆరు నెలలు చూస్తాను బాబూ," అందావిడ. "కింద కొట్టు కళకళలాడుతూ ఉంటే పదేళ్లకు కాగితం రాసిస్తా. లేదంటే మా మేనల్లుడికి ఇచ్చేస్తా. వాడు స్పీకర్లు బాగుచేసే కొట్టు పెడతానని ఎప్పటినుంచో నా ప్రాణం తీస్తున్నాడు."

"మీరే చూస్తారు పిన్నిగారూ, నెల తిరిగేసరికి క్యూ మెట్ల దాకా ఉంటుంది," అన్నాడు రేడియో. ఇంకా చాలా అన్నాడు. ఆవిడ సగంలోనే మెట్లెక్కి వెళ్లిపోయింది.

పాత యజమాని రెండో కుర్చీని మర్నాడే ఇంకొకరికి ఇచ్చేశాడు. అంటే వెనక్కి పోయే దారి లేదు. ఈ గది నిలబడితే రేడియో కొట్టున్న మనిషి. నిలబడకపోతే కత్తెర చేతపట్టుకుని కొట్టు కొట్టుకీ తిరిగి కుర్చీ అడుక్కోవాలి, అదీ నలభై దాటిన వయసులో.

నెల తిరిగింది. క్యూ మెట్ల దాకా రాలేదు సరికదా గుమ్మం దాకా కూడా రాలేదు. బస్టాండు నేస్తాలు మొహమాటానికి ఒకసారి వచ్చి, "బాగుందిరా, కాస్త దూరమైంది," అని మళ్లీ కనపడలేదు. మాటల కోసం వచ్చేవాళ్లు మాటల కోసం అంత దూరం నడవరని రేడియోకి అప్పుడు తెలిసింది. కుర్చీ ఖాళీ, బల్ల ఖాళీ. ఆయన ఈగలు తోలుకుంటూ అద్దంలో తనతో తనే మాట్లాడుకునే స్థితికి వచ్చాడు.

ఎదురుగా గిరాకీ లేక కాదు. బేకరీలో బోలెడుమంది పనివాళ్లు. సాయంత్రం పని దిగి చేతుల పిండి దులుపుకుంటూ గుంపుగా వస్తారు. వాళ్లలో సగం మందికి పైగా వినపడనివాళ్లు. బేకరీ పెట్టినాయనకు కూడా వినపడేది కాదట, అందుకని మొదటినుంచీ అలాంటివాళ్లనే పెట్టుకున్నాడు. వాళ్లు చేతులతో మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ రేడియో కొట్టు ముందునుంచే నడిచి, రెండు వీధులవతల ఇంకో కొట్టుకు వెళ్లి తల ఇచ్చేవారు. అది చూసిన ప్రతిసారీ ఆయనకు కడుపు మండేది.

వాళ్లలో ఒకాయన ఒకసారి లోపలికి వచ్చాడు. పొయ్యి దగ్గర పనంతా చూసే పెద్దాయన, బట్టీ మేస్త్రి అంటారు. ఆజానుబాహువు, జుట్టు మీద పిండి. రేడియోకి ప్రాణం లేచొచ్చింది. కుర్చీ దులిపి కూర్చోబెట్టాడు. మెడకు గుడ్డ బిగించి ఒళ్లంతా కప్పి, అంచులు కుర్చీ చేతుల కింద దోపాడు. కత్తెర అందుకుని, వినపడదని తెలిసి కూడా, గట్టిగా అరిస్తే ఎంతో కొంత వెళుతుందేమోనని గొంతెత్తి మొదలుపెట్టాడు. చెవుల దగ్గర సన్నపని వచ్చేసరికి అలవాటుగా కుర్చీని కిటికీ వైపు తిప్పాడు. అద్దం కన్నా వెలుగు ముఖ్యం అని పాత యజమాని నేర్పిన విద్య. మేస్త్రి కదల్లేదు. పని అయ్యాక గుడ్డ తీస్తే లేచి, అద్దంలో ఒకసారి చూసుకుని, డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆయనే కాదు, బేకరీ వాళ్లెవరూ గుమ్మం తొక్కలేదు.

"కటింగ్‌లో వంక పెట్టడానికి లేదే," అని ఆ రోజు భోజనాల దగ్గర భార్యతో వాపోయాడు రేడియో. "ఎంత కబురు చెప్పాను, ఎంత మర్యాద చేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని."

ఆయన భార్య ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. రోజంతా యంత్రాల మోతలో ఉండి వచ్చే మనిషి, మాట పొదుపు. కూర వడ్డిస్తూ, "శంఖం ఊదింది ఎవరు?" అంది.

"అంటే?"

"ఊదినవాడిదా తప్పు, ముందున్నవాడిదా? రాకపోతే ఎందుకు రాలేదో అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు."

"ఏ నోటితో అడగమంటావు?"

"నోటితో కాదనేగా చెప్తున్నా," అని ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

బేకరీ మేడమీద ప్రతి ఆదివారం చేతుల భాష నేర్పుతారని రేడియో అప్పటికే విని ఉన్నాడు. నేర్పేది బేకరీలో కేకుల మీద క్రీముతో పూలు వేసే ఆమె. ఆమెకు పుట్టుకతోనే వినపడదు. అందరూ పూల టీచరు అంటారు. వచ్చేవాళ్లంతా పిల్లలకు వినపడదని తెలిసి బెంగపడుతున్న తల్లులూ తండ్రులూ. వాళ్ల మధ్యకు రేడియో వెళ్లి కూర్చున్నాడు. ఆయన లెక్క వేరు. నాలుగు మాటలు చాలు: రండి, కూర్చోండి, కటింగ్ బాగుంటుంది, మళ్లీ రండి. రెండు వారాల్లో పట్టేసి మూడో వారం కుర్చీ నింపేద్దామని.

పూల టీచరు తలుపు వేసి బోర్డు మీద ఒక్క వాక్యం రాసింది: ఇక్కడ నోరు తెరవకూడదు. రేడియో దాన్ని చదివి, "అంటే పూర్తిగానా?" అని పక్కావిడను అడిగాడు. పూల టీచరు వచ్చి ఆయన పెదాల మీద తన వేలు పెట్టినంత పని చేసింది. నలభై ఏళ్ల జీవితంలో మెలకువగా ఉండి అంతసేపు నోరు మూసుకోవడం ఆయనకు అదే మొదలు. తల ప్రాణం తోకకొచ్చింది. ఇంటికి వెళుతూ దారిలో కనపడిన కరెంటు స్తంభంతో కూడా మాట్లాడాడని గిట్టనివాళ్లు అంటారు. నేనైతే నమ్ముతాను.

చేతులు త్వరగానే తిరిగాయి. కత్తెర పట్టిన వేళ్లకు ఏ వంపూ కష్టం కాదు. ఆయనను ఏడిపించింది మొహం. ఆ భాషలో మాట సగం చేతిలో ఉంటే సగం మొహంలో ఉంటుంది. కనుబొమలు ఎత్తితే ఒక ప్రశ్న, ముడిస్తే ఇంకో ప్రశ్న, బుగ్గ పూరిస్తే పెద్దది, పెదవి బిగిస్తే చిన్నది. క్షవరం చేసేవాడి మొహం మీద ఏదీ కనపడకూడదు. నడినెత్తిన పలచబడ్డ జుట్టు చూసి కనుబొమ కదిలించావంటే ఆ మనిషి జన్మలో మళ్లీ రాడు. ఇన్నేళ్లుగా గోడలా పెట్టుకున్న మొహాన్ని రేడియో ఇప్పుడు కదిలించాలి. ఆయన 'ఎందుకు' అని చెయ్యి తిప్పినప్పుడల్లా పూల టీచరు ఆయన మొహం పట్టుకుని, ఇది చచ్చిపోయింది, లేపు అన్నట్టు అభినయించేది. తల్లులందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

ఇంకొకటి కూడా ఆయనకు తెలిసొచ్చింది. చేతుల భాషలో మనిషి వెనక నిలబడి మాట్లాడటం కుదరదు. ఎదురుగా రావాలి, కళ్లలోకి చూడాలి, ఎదుటివాడు చెబుతుంటే చూపు తిప్పకూడదు. చూపు తిప్పావంటే మధ్యలో మాటకు అడ్డుపడినట్టే. రేడియో తన జీవితమంతా మనుషుల వెనక నిలబడే మాట్లాడాడు. వాళ్ల మెడలు, చెవులు, సుడులు గుర్తున్నాయి కానీ మాట్లాడేటప్పుడు వాళ్ల మొహాలు ఎలా ఉండేవో ఎంత తలచుకున్నా గుర్తురాలేదు. ఆ సంగతి తెలిసి ఆయన చిన్నబోయాడు.

పూర్తిగా నేర్చుకున్నాకే మాట్లాడదామని కూర్చుంటే ఆరు నెలలు కరిగిపోతాయి. అందుకని అప్పటికి వచ్చిన ముప్పై మాటలతోనే సాయంత్రం పని దిగే వేళకు గుమ్మంలో నిలబడటం మొదలుపెట్టాడు. బాగున్నారా అని అడగబోయి ఏదో చేసేవాడు, వాళ్లు విరగబడి నవ్వేవారు. ఒకడు ఆగి ఆయన వేళ్లు పట్టుకుని సరిచేసేవాడు. ఇంకొకడు అది కూడా తప్పని ఇంకోలా సరిచేసేవాడు. నడివయసు మనిషి వీధిలో నిలబడి అందరిచేతా నవ్వించుకోవడం చిన్న సంగతి కాదు. రేడియో మొదటి వారం సిగ్గుతో చచ్చిపోయాడు. రెండో వారానికి సిగ్గు పోయింది. వ్యాపారం పెట్టే మనిషి ముందు పోగొట్టుకోవలసింది అదేనని ఆయన ఇప్పుడు అంటాడు.

వాళ్ల మధ్య ఒక మర్యాద ఉంది. తమలో కలిసిన మనిషికి చేతితో పేరు పెడతారు. ఆ పేరు మనం పెట్టుకునేది కాదు, వాళ్లు ఇవ్వాలి. ఒక సాయంత్రం బట్టీ మేస్త్రి రేడియోని కాసేపు పరకాయించి చూసి, నోటి దగ్గర వేళ్లు టపటపా తెరిచి మూసి అందరికీ చూపించాడు. గుంపంతా ఒప్పుకుంది. వినపడకపోయినా ఆయన నోరు ఎప్పుడూ ఆడుతూనే ఉంటుందని వాళ్లు కళ్లతోనే కనిపెట్టారు. ఊరు పెట్టిన పేరే మళ్లీ చేతుల్లోనూ వచ్చింది కదా అని రేడియో తల కొట్టుకున్నాడు. లోపల మాత్రం పొంగిపోయాడు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, ఈయన మూడు నెలలకే సగం అయిపోయాడు.

అంతా బాగానే ఉంది. కానీ గుమ్మం దగ్గర ఆగేవాళ్లు కుర్చీ దాకా రారు. నవ్వుతారు, నేర్పుతారు, పోయి ఇంకో కొట్టులో కత్తిరించుకుంటారు. ఇంటావిడ పెట్టిన గడువులో సగం పైన అయిపోయింది. ఆ మధ్య మేనల్లుడు వచ్చి గది కొలతలు బయటినుంచే కళ్లతో తీసుకుని పోయాడు. 

అప్పుడాయన తను నేర్చుకున్నవన్నీ ఒకసారి తలచుకున్నాడు. అన్నీ తను చెప్పే మాటలే. రండి, కూర్చోండి, బాగుంటుంది. ఎదుటివాడి నోటినుంచి, అంటే చేతినుంచి, ఏదైనా రాబట్టే మాట ఒక్కటీ వాడలేదు. వచ్చే ఆదివారం దాకా ఆగలేక ఆ సాయంత్రమే మేస్త్రికి ఎదురెళ్లాడు. కొట్టు చూపించాడు, కుర్చీ చూపించాడు, మేస్త్రిని చూపించాడు. కనుబొమలు ముడిచి, మొహమంతా కదిలించి, ఎందుకు రావు అని అడిగాడు. ఈసారి మొహం చచ్చిపోలేదు. నిజంగానే అడిగాడు కనుక దానంతటదే కదిలింది.

మేస్త్రి రేడియో భుజం మీద చెయ్యేసి కొట్టులోకి నడిపించి ఆయన కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టాడు. గుడ్డ అందుకుని మెడకు బిగించాడు. ఒళ్లంతా కప్పి అంచులు కుర్చీ చేతుల కింద దోపాడు. కుర్చీని గిర్రున కిటికీ వైపు తిప్పాడు. తర్వాత వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

రేడియోకి ముందు నవ్వొచ్చింది. కిటికీలోంచి ఎదురు గోడ తప్ప ఏమీ కనపడటం లేదు. వెనక ఉన్న మనిషి ఉన్నాడో వెళ్లాడో తెలియదు. చెవి పక్కన కత్తెర చల్లగా తగిలింది. ఆగమని చెప్పబోయాడు. చేతులు గుడ్డ కింద ఉన్నాయి. లాగాడు, రాలేదు. తల తిప్పబోతే ఒక పెద్ద చెయ్యి తలను మెల్లిగా మళ్లీ ముందుకు తిప్పింది, కుర్చీలో కూర్చున్న ప్రతి తలనూ రేడియో తిప్పే తీరులోనే. అప్పుడు అలవాటు కొద్దీ నోరు తెరిచి, "అన్నా, ఒక్క నిమిషం," అన్నాడు. ఆ మాట గదిలో తిరిగి తిరిగి ఎక్కడా ఆనలేదు. వినేవాడు లేడు.

మేస్త్రి కుర్చీ తిప్పి గుడ్డ తీసేటప్పటికి రేడియో కళ్లు తడిగా ఉన్నాయి. ఆ రోజు తను ఆ పెద్దమనిషికి చేసింది మర్యాద కాదు. నోరు కట్టేసి, కళ్లకు గంతలు కట్టి, మెడ మీద కత్తి పెట్టి, పైగా కబుర్లు చెప్పాడు. రెండు చేతులూ జోడించబోయి, అది చాలదనిపించి, గుండె మీద పిడికిలి తిప్పి క్షమించమన్నాడు. మేస్త్రి ఆయన వీపు మీద ఒక్కటి చరిచి, టీ తాగుదామా అని సైగ చేశాడు.

మర్నాడు పొద్దున్నే రేడియో గుడ్డ చంకలో పెట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. ఆవిడ దర్జీ పని చేస్తుంది, నోరు తమ్ముడికి తీసిపోదు.

"గుడ్డకి చేతులేంట్రా? ఇది కటింగ్ గుడ్డా, చొక్కానా?"

"రెండూ అక్కా. లోపల ఒళ్లుండాలి, బయట చేతులుండాలి."

"నీకు పని లేకపోతే పో, నాకు పనుంది," అంటూనే మిషను ముందుకు లాక్కుంది. మొదట కుట్టింది పనికిరాలేదు. వెంట్రుకలన్నీ చేతుల్లోకి జారి, కూర్చున్నవాడు దురదతో నాట్యం చేశాడు. రెండోసారి మణికట్టు దగ్గర లాస్టిక్కు వేసి, ముందునుంచి తొడిగి వెనక ముడివేసేలా కుట్టింది. అది కుదిరింది. రేడియో పెద్ద అద్దాన్ని విప్పి కిటికీ పక్క గోడకు బిగించాడు. వెలుగు కోసం ఇక ఎవరినీ తిప్పక్కర్లేదు.

పని తీరు కూడా మారింది. మనిషి రాగానే కత్తెర అందుకోడు. చిన్న స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుంటాడు. ఎలా కావాలి అని అడుగుతాడు. చెప్పింది తిరిగి తన చేతులతో చెప్పి, ఇదేనా అంటాడు. మధ్యలో ఏదైనా చెప్పాలంటే కత్తెర పక్కన పెట్టాల్సిందే, చేతులు రెండే కదా. దాంతో ఒక్కొక్కరికి ఎక్కువసేపు పట్టేది. ఎక్కువసేపు పట్టినా మేస్త్రి వచ్చాడు, మర్నాడు మరో ఇద్దరిని తెచ్చాడు, ఆ వారం బేకరీ సెలవునాడు బల్ల నిండింది. రెండు వీధులవతల కొట్టువాడు వచ్చి తొంగిచూసి ఏమీ అర్థంకాక వెళ్లిపోయాడు.

చిత్రమైన దెబ్బ ఇంకోవైపు నుంచి తగిలింది. బస్టాండు రోజుల నేస్తం ఒకడు ఆ దారిన వెళుతూ లోపలికి వచ్చాడు. చక్కగా వినపడే మనిషి. రేడియో అలవాటైపోయి అతని ఎదురుగా కూడా స్టూలు వేసుకుని, "ఎలా కావాలి?" అని అడిగి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం చూసి నేస్తం తడబడ్డాడు.

"ఎప్పట్లాగే," అని చెవి తడుముకున్నాడు. "నిజం చెప్పనా? చెవుల మీద కాస్త జుట్టు ఉంచితే బాగుంటుందిరా. నా చెవులు పెద్దవి. మొదటినుంచీ చెబుదామనుకుంటున్నా."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు మాట ఆపితే కదా."

రేడియోకి మేస్త్రి కట్టిన గుడ్డ కన్నా ఈ మాట గట్టిగా బిగుసుకుంది. తన కుర్చీలో చేతులు కట్టేసి కూర్చోబెట్టింది వినపడనివాళ్లను మాత్రమే కాదన్నమాట. చెవులు పెద్దవైన ఆ పెద్దమనిషి తన కబుర్ల కోసమే వస్తున్నాడనుకుని ఇన్నేళ్లు మురిశాడు. ఆ రోజు ఆయన చెవుల మీద జుట్టును ఎంత శ్రద్ధగా వదిలాడో, అంత శ్రద్ధగా ఎన్నడూ కత్తిరించి ఉండడు.

గడువు దగ్గరపడింది. రేడియో ధైర్యంగానే ఉన్నాడు. కొట్టు నిండుగా ఉంది, ఇంటావిడ కాగితం రాయకేం చేస్తుంది? ఒక సెలవురోజు పొద్దున, మేస్త్రి జుట్టు సగం అయి, పూల టీచరు తన తమ్ముణ్ణి తీసుకొచ్చి బల్ల మీద కూర్చుని, బేకరీ మనుషులు నలుగురైదుగురు కబుర్లలో మునిగి ఉండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఇంటావిడ దిగి వచ్చింది. వెనక మేనల్లుడు, చేతిలో కొలత టేపు.

"ఇదిగో, గది ఖాళీగానే ఉంటుంది, కొలుచుకో," అంటూ లోపల అడుగుపెట్టిన ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. అంతమంది మనుషులు. చేతులు, నవ్వులు, కనుబొమలు. చప్పుడు మాత్రం కత్తెరది ఒక్కటే.

"ఇంతమంది ఉన్నారా?" అంది నెమ్మదిగా. "రెండు నెలలుగా కింద చడీచప్పుడూ లేదు. ముందైనా నీ గొంతు వినపడేది. అదీ ఆగిపోయేసరికి గిరాకీ లేక మూసుకున్నావనుకున్నా. నిన్ననే వీడికి మాటిచ్చేశాను బాబూ."

రేడియో నాలుక చివరిదాకా వెయ్యి మాటలు వచ్చేశాయి. చూశారుగా పిన్నిగారూ ఎంత గిరాకీనో, సెలవునాడు కూర్చోడానికి చోటుండదు, నా పొట్ట కొట్టకండి, ఇలా. "చూశారుగా..." అని మొదలుపెట్టాడు కూడా. ఆగాడు. కత్తెర పక్కన పెట్టాడు. స్టూలు తుడిచి ఆవిడకు వేసి, తను ఎదురుగా బల్ల అంచున కూర్చున్నాడు.

"పిన్నిగారూ, కొట్టు కళకళలాడాలన్నారు మీరు. నేను గిరాకీ అనుకున్నాను. అసలు మీకు ఇక్కడ ఏం కావాలి?"

అని ఊరుకున్నాడు. ఆవిడ మేనల్లుడి వైపు చూసింది, అద్దం వైపు చూసింది. అద్దె సంగతి చెబుతుందని అందరూ అనుకున్నారు.

"చప్పుడు కావాలి," అంది. "ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చెవిలో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండేవాళ్లు. ఇప్పుడు పైన ఒక్కదాన్నే. మొన్న స్నానాల గదిలో కాలు జారింది. పెద్ద దెబ్బేం కాదు. లేవడానికి చాలాసేపు పట్టింది. కింద ఎవరి గొంతైనా వినపడితే పిలుద్దామని చూశా. ఒక్క అలికిడి లేదు. చచ్చిపోయినా ఎవరికీ తెలీదనిపించింది. అందుకే వీడైతే పాటలు మోగిస్తాడు, మనుషులున్నట్టుంటుంది అనుకున్నా."

మేనల్లుడు టేపు జేబులో పెట్టుకున్నాడు. "నాకు చెప్పలేదేం అత్తా?" అన్నాడు.

"నువ్వడిగావా?"

మేస్త్రి అద్దంలో ఇదంతా చూస్తున్నాడు. గుడ్డ చేతుల్లోంచి చెయ్యెత్తి, ఏమంటోంది అని రేడియోని అడిగాడు. రేడియోకి అంత భాష ఇంకా రాలేదు. వచ్చిన మాటలే ఒక్కొక్కటీ పేర్చాడు. ఆమె. పైన. ఒక్కతే. పడింది. పిలవాలి, ఎవరూ లేరు. భయం. పూల టీచరు ఆవిడ దగ్గరికి వెళ్లి పక్కనే కూర్చుంది. మేస్త్రి కాసేపు ఆలోచించి చేతులు ఆడించాడు. రేడియో ఆ చేతులు చూస్తూ ఆవిడకు చెప్పాడు.

"ఆయన ఇంట్లో ఎప్పుడూ చప్పుడు ఉండదట పిన్నిగారూ. భయం కూడా లేదట. తలుపు దగ్గర మీట నొక్కితే ఇంట్లో దీపం వెలిగి ఆరుతుందట. ఎవరు ఎక్కడున్నా చూసి వస్తారు. మీ మంచం పక్కన ఒకటి, స్నానాల గదిలో ఒకటి మీట పెడదాం. దీపం ఇక్కడ అద్దం పైన పెడదాం. మాలో ఎవరో ఒకరం ఎప్పుడూ అద్దంలోకి చూస్తూనే ఉంటాం, మా పనే అది."

ఆవిడ నమ్మీ నమ్మనట్టు చూసింది. "వైరు ఎవరు లాగుతారు?"

అందరూ మేనల్లుడి వైపు చూశారు. స్పీకర్లు బాగుచేసేవాడికి మీట పెట్టడం ఎంత పని. "గది ఇస్తానని పిలిచి వైరు లాగిస్తున్నావా అత్తా," అని గొణుగుతూనే వెళ్లి సామాను తెచ్చాడు. అతను మేడమీద గోడకు మేకులు కొడుతున్నంతసేపూ కింద ఎవరూ కదల్లేదు. మేస్త్రి జుట్టు సగంలోనే ఉంది. గది ఎవరిదో ఆవిడ ఇంకా చెప్పలేదు.

పనయ్యాక మేనల్లుడు దిగి వచ్చాడు, ఆవిడ పైకి వెళ్లింది. తలుపు వేసుకుంది. రేడియో కత్తెర అందుకుని మేస్త్రి వెనక నిలబడ్డాడో లేదో అద్దం పైన దీపం భగ్గుమని వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. ఒక్కసారిగా తలలన్నీ లేచాయి. రేడియో కత్తెర పడేసి మెట్లకేసి పరుగెత్తాడు. వెనకే పూల టీచరు, ఆ వెనక చేతుల గుడ్డ ఒంటి మీదే ఉన్న మేస్త్రి, సగం తల కత్తిరించి, సగం తల పెరిగి. ఆ వెనక మిగతావాళ్లు.

తలుపు తోయగానే తెరుచుకుంది. ఆవిడ మంచం మీద మీట దగ్గర కూర్చుని ఉంది. "ఏం లేదు," అంది. "పనిచేస్తుందో లేదో చూద్దామని నొక్కా." ఇంకేదో అనబోయి గుమ్మం నిండా ఆయాసపడుతున్న ఆ మొహాలను చూసింది.  కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మేనల్లుడు స్క్రూడ్రైవరు పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"కాగితం రేపు రాయిద్దాం బాబూ. పదేళ్లకి. వీడికి వేరే గది నేనే చూసిపెడతాలే," అంది రేడియోతో. రేడియో తల ఊపాడు.

గుమ్మంలో ఉన్నవాళ్లు వెళ్లాలో ఉండాలో తెలియక నిలబడే ఉన్నారు. ఆవిడ వాళ్ల వైపు చూసి, "లోపలికి రండి అనాలంటే ఎలా అనాలి?" అని అడిగింది. రేడియో చేసి చూపించాడు. ఆవిడ మంచం మీదినుంచి లేచి నిలబడి, అదే చేయబోయి, పూర్తిగా తప్పు చేసింది. మేస్త్రి పెద్దగా నవ్వి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.